దీపం కాపరి ముందు కథ

అక్క ఆ పుస్తకం తెప్పించమని అడిగినప్పుడు నాకు మొదట కలిగింది విసుగే. డయాలసిస్ ముగించుకుని ఒంగోలు నుంచి అద్దంకి వస్తున్నాం. బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో పుణ్యాత్ముడు లేచి అక్కకు సీటిచ్చాడు. నేను రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. పొద్దున్నే లేచి వంట చేసి, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు క్లాసులు చెప్పి, పరుగున ఇంటికొచ్చి అక్కను తీసుకుని బయల్దేరిన మనిషిని. కాళ్లు పీకుతున్నాయి.

అక్క తల పైకెత్తి, "ఏమే, ఆయన మళ్లీ రాశాడంటనే" అంది.

"ఎవరు?"

"దీపం కాపరి పుస్తకాలు రాసినాయన. ఇంకా బతికే ఉన్నాడంట. మొదటి పుస్తకానికి ముందు జరిగిన కథ రాశాడంట. ఫోన్లో ఎవరో చెబుతుంటే విన్నా."

"ఈ వయసులోనా?"

"అదే చెప్పారు, ఎనభై దాటాయంట. తెప్పించవే. నువ్వు చదివితే వింటా."

సరేనన్నాను. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు. షుగరు వల్ల అక్కకు ముందు చూపు తగ్గింది, తర్వాత కిడ్నీలు పోయాయి. జీవితమంతా చర్చి స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా పనిచేసిన మనిషి. మనుషులు మసకగా కనపడతారు, అక్షరాలు మాత్రం అసలు కనపడవు. అంచేత ఇంట్లో పేపరైనా, బైబిలైనా, మందుల సీసా మీద పేరైనా చదవాల్సింది నేనే. ఇప్పుడు దానికి తోడు ఒక లావుపాటి నవల.

ఆ దీపం కాపరి పుస్తకాలు మా ఇంటికి వచ్చిన తీరు చెప్పాలి. మా చిన్నప్పుడు మా ఊరి మిషను బంగళాలో ఒక దొరసాని ఉండేది. ఆమె శాశ్వతంగా తన దేశం వెళ్లిపోతూ పెట్టెల్లో ఉన్న పుస్తకాలన్నీ ఊళ్లో వాళ్లకు పంచింది. భక్తి పుస్తకాలు పాస్టరు గారు తీసుకున్నారు. వంటల పుస్తకాలు ఎవరో తీసుకున్నారు. అట్టల మీద నక్షత్రాలు, ఓడలు ఉన్న మూడు నవలలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. చర్చి స్కూల్లో పంతులుగా ఉన్న మా నాన్న వాటిని సంచిలో వేసుకుని వచ్చాడు.

అప్పుడు అక్క ఇంటర్ చదువుతోంది. నేను హైస్కూల్లో అప్పుడే చేరాను. అది పత్తి సీజను. పక్కింటి వాళ్లకు చోటు చాలక వాళ్ల పత్తి మా ముందు గదిలో కూడా పోశారు. గది సగం ఎత్తు దాకా తెల్లటి గుట్ట. దాని మీదకెక్కి పడుకుంటే దురద పెట్టేది, అయినా ఎక్కేవాళ్లం. అక్క పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేది. ఒక్కో అధ్యాయం పూర్తికాగానే నాకు తెలుగులో చెప్పేది. నక్షత్రాల మధ్య ఓడలు నడిచే కాలం. ఓడలు దారి తప్పకుండా నట్టనడుమ ఒక రాతిగుండు మీద పెద్ద దీపం ఉంటుంది. దాన్ని కాపాడేది ఒంటరి ముసలావిడ. యుద్ధాలొస్తాయి, రాజ్యాలు పోతాయి, ఓడల్లో వచ్చేవాళ్లు ఆమె దగ్గర ఆగి తమ కథలు చెప్పుకుంటారు. ఆమె మాత్రం తన కథ ఎవరికీ చెప్పదు. రెండో పుస్తకంలో ఒకే ఒక్కసారి, ఎవరో కుర్రాడికి గంజి పోస్తూ, "నాకొక తమ్ముడుండేవాడు" అంటుంది. అంతే. ఆ తమ్ముడు ఎవరో, ఏమయ్యాడో మూడు పుస్తకాల్లోనూ ఇంకెక్కడా ఉండదు.

ఆ తమ్ముడి కోసం మేం ఎన్ని వేసవులు కొట్టుకున్నామో చెప్పలేను. యుద్ధంలో పోయాడని నేననేదాన్ని. అక్క ఒప్పుకునేది కాదు. రేవులో జనం తొక్కిసలాటలో ఒక ఓడ ఎక్కబోయి ఇంకో ఓడ ఎక్కేశాడనేది. ఎప్పటికైనా అటుగా వస్తాడని, వస్తే చీకట్లో దారి తెలియాలని ఆమె దీపం ఆర్పకుండా కాస్తోందనేది. నేను పెద్దదాన్నయ్యాక, పెళ్లయ్యాక, అక్క పెళ్లి మాట మానేసి స్కూలే లోకం అనుకున్నాక కూడా ఎప్పుడైనా ఆ మాట వస్తే, "తప్పుడు ఓడ ఎక్కాడే పిచ్చివాడు" అని, తెలిసిన వాళ్లబ్బాయి గురించి అన్నట్టే అనేది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఇద్దరు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడి ఉన్నారు. అది చూసి ఎందుకో నాకు సంతోషం కలగలేదు.

డయాలసిస్ గదిలోకి మామూలుగా తోడు వచ్చినవాళ్లను రానివ్వరు. అక్కకు చూపు లేదు కాబట్టి మంచం పక్కన స్టూలు మీద నన్ను కూర్చోనిచ్చేవాళ్లు. చేతికి రెండు సూదులు గుచ్చి, ట్యూబులు బిగించి, మెషీను తిరగడం మొదలయ్యాక ఇక ఆ నాలుగు గంటలూ మంచానికి కట్టేసినట్టే. కొందరు నిద్రపోతారు. కొందరు ఫోన్లు చూస్తారు. అక్క కళ్లు మూసుకుని, "ఊఁ, మొదలుపెట్టు" అంది.

మొదటి రోజు ఇంగ్లీషులోనే, ఆమెకు మాత్రమే వినపడేలా చదివాను. పక్క మంచం మీద ఒక డ్రైవరు ఉండేవాడు. చీమకుర్తి మనిషి. క్వారీల్లో రాళ్లు లారీకెత్తించుకుని రేవుకు తోలేవాడు. నాలాగే యాభైల్లో ఉంటాడు, బండ మీసాలు, పెద్ద గొంతు. కిడ్నీలు పోయాక లారీ దిగాడు. అతని భార్య బయట వరండాలో టిఫిను డబ్బా పెట్టుకుని కూర్చునేది.

అతను కాసేపు విని, "మేడం గారూ, అదేందో తెలుగులో చదివితే మేం గూడా వింటాం గదా. ఈడ ఏం పని మాకు?" అన్నాడు.

నేను నవ్వి ఊరుకుందామనుకున్నాను. అక్క మాత్రం కళ్లు మూసుకునే, "తెలుగులో చెప్పవే. పాపం అడుగుతున్నాడు" అంది.

అట్లా నా పని రెట్టింపయింది. కళ్లతో ఇంగ్లీషు చదువుతూ నోటితో తెలుగు చెప్పాలి. ఒక్కోసారి ఒక మాట దగ్గర ఆగిపోతే అక్క అందించేది. అప్పటికే పొద్దుటి నుంచి పిల్లలకు లెక్కలు చేయించి గొంతు ఎండిపోయి ఉండేది. సత్తెనపల్లిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తూ ఆదివారాల్లో ఇంటికొచ్చే మా ఆయన నా గొంతు విని, "ఆ చదవడం మానెయ్యరాదూ? ఏదో సెల్లులో పెట్టి వినమను" అన్నాడు. మంచి సలహాయే. అక్కతో మాత్రం అనలేకపోయాను.

డ్రైవరుకు పాత పుస్తకాల సంగతి తెలియదు. అతనికి ఈ కథ ఇక్కడే మొదలు. ఒక ఓడలో పుట్టి పెరిగిన అక్క, తమ్ముడు. తల్లి ఓడలో గాలి మెషీన్లు బాగుచేసే పని చేస్తుంది. పిల్లలిద్దరూ గొట్టాల వెంట పాకుతూ ఓడంతా తిరుగుతారు. ఆ కథలో అక్క పదకొండేళ్ల పోకిరి పిల్ల, వంటగదిలో బెల్లంలాంటిదేదో దొంగిలించి తమ్ముడికి పెడుతుంది. డ్రైవరు పగలబడి నవ్వేవాడు. "మా చెల్లెలు అచ్చం ఇట్టాగే ఉండేదండీ" అనేవాడు. సూది గుచ్చిన చెయ్యి కదిలి మెషీను మోగేది. టెక్నీషియను అమ్మాయి వచ్చి కసిరేది.

నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ పిల్ల గెంతుతున్నా, పాటలు పాడుతున్నా, చివరకు ఆ రాతిగుండు మీద ఒంటరిగా కూర్చోబోయేది ఈ పిల్లే కదా అని మనసులో మెదిలేది. జరగబోయేదంతా తెలిసి చదవడంలో ఒక రకమైన అలసట ఉంది. కథ ఎటు తిరిగినా మనం ఎక్కడికి చేరతామో ముందే ఖాయమైపోయింది. పైగా ఆ రచయిత ఈ వయసులో ఏదీ వదిలిపెట్టదలచుకోలేదు. ముసలావిడ ఎడమచేత్తో ఎందుకు తింటుందో చెప్పాడు. ఆమె మెడలో తాడు ఎక్కడిదో చెప్పాడు. మా చిన్నప్పుడు మేం వదిలేసి ఊరుకున్న ప్రతి సందులోనూ దీపం పెట్టి చూపించాడు. అక్క మాత్రం ప్రతిదానికీ "ఓహో, అదా సంగతి" అనేది. ఆ "ఓహో"లో సంబరం ఎంతో, నిరాశ ఎంతో నాకు తెలిసేది కాదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, మా ఆయన భోంచేసి పడుకున్నాక, పుస్తకం త్వరగా వదిలించుకుందామని నేనొక్కదాన్నే ముందుకు చదివాను. ఓడకు చిల్లు పడుతుంది. గాలి బయటికి పోతోంది. ఆ భాగానికీ మిగిలిన ఓడకూ మధ్య ఒక ఇనప తలుపు. తలుపు దగ్గర ఉన్నది ఆ పిల్ల. తమ్ముడు అవతల ఉన్నాడు. గొట్టంలోంచి పాక్కుంటూ వస్తున్నాడు, ఆమెకు కనపడుతున్నాడు. తలుపు వెయ్యమని అందరూ అరుస్తున్నారు. ఆమె వేసేసింది.

పుస్తకం మూసి బల్ల మీద పెట్టాను. తప్పుడు ఓడ లేదు. రేవు లేదు. ఎక్కడో బతికి ఉండడం లేదు.

మంగళవారం వెళ్లాక ఆ అధ్యాయానికి కొంచెం ముందు దాకా చదివి గొంతు నొప్పన్నాను. అబద్ధమేం కాదు. మిరపకాయల కాలం, దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, బస్సంతా దగ్గే. గురువారం కాలేజీ పేపర్లు దిద్దుకోవాలని చెప్పి వాటిని ముందేసుకున్నాను. డ్రైవరు, "ఇవ్వాళ గూడా లేదా మేడం?" అని అటు తిరిగి పడుకున్నాడు. శనివారం నేను పుస్తకం తెరిచి గొంతు సవరించుకుంటుంటే అక్క మెల్లగా అంది:

"చచ్చిపోయాడు కదూ?"

నేను పుస్తకం సగం మూశాను.

"వారం నుంచి నీ గొంతులో తెలుస్తానే ఉందిలే. చదువు."

"అక్కా, వద్దులే. ఇంకేదైనా..."

"చదవవే. తెలిసిపోయాక దాచేదేముంది?"

చదివాను. చదువుతున్నంతసేపూ అక్క కదల్లేదు. తలుపు వేసిన చోట ఆగాను. నీళ్లు తాగి, ఆ పేజీ పూర్తి చేశాను. అక్కకు రోజుకు ఇన్నే నీళ్లని లెక్క, ఆమె ముందు నీళ్లు తాగడం నాకు ఎప్పుడూ ఇబ్బందే. ఆ రోజు అదీ గుర్తు రాలేదు.

డ్రైవరు దిండు మీద నుంచి లేవబోయాడు. "తలుపేసిందా? అక్క అయ్యుండీ?"

"వెయ్యకపోతే ఓడంతా పోతుంది తమ్ముడూ" అంది అక్క. ఆమె చాలా రోజులుగా అతన్ని తమ్ముడూ అనే పిలుస్తోంది. ఆ పూట ఆ మాట నాకు వేరుగా వినపడింది.

"పోతే పోయిద్ది. ఎదురుగా వస్తా ఉన్నాడు గదా పిల్లోడు. కనపడతా ఉంటే ఎట్టా వేసిద్దండీ?"

"లోపల ఇంకెంతమంది పిల్లలున్నారు? వాళ్లమ్మ ఉంది."

"వాళ్లెవరో నాకు తెలవదండీ. ఈడు తెలుసు. ఈడు బెల్లం తిన్నోడు."

"తెలియనంత మాత్రాన వాళ్లు మనుషులు కాకుండా పోతారా?" అక్క గొంతు పెరిగింది. క్లాసులో పిల్లల్ని అదిలించే గొంతు, ఎన్నాళ్లో అయింది విని.

"మీరట్టాగే చెబుతారు పెద్దక్కా. చదువుకున్నోళ్లు. నేనైతే చెయ్యి అడ్డం పెట్టేవోణ్ణి."

"చెయ్యి తెగేది."

"తెగితే తెగిద్ది!"

రెండు మెషీన్లూ ఒకేసారి మోగాయి. టెక్నీషియను అమ్మాయి పరుగున వచ్చి, "ఏంటండీ ఇది, సినిమా హాలనుకున్నారా? బీపీలు చూడండి ఎట్లా ఉన్నాయో. మేడం, ఆ పుస్తకం లోపల పెట్టెయ్యండి" అని కేకలేసింది. పెట్టేశాను. అవతలి మంచాల వాళ్లు మావైపే చూస్తున్నారు. డ్రైవరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మెషీను ఆపి సూదులు తీసేదాకా ఇటు తిరగలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "ఏమనుకోవాకండి పెద్దక్కా, నోరు జారా" అన్నాడు. అక్క చెయ్యి ఊపింది.

ఇంటికొచ్చాక ఆమెకు అన్నం కలిపి పెడుతుంటే ముద్ద చేతిలోనే ఉంచుకుని అంది: "ఆయన ఇది రాయకుండా ఉండాల్సింది."

"ఆయన కథే కదక్కా. ఆయనిష్టం."

"ఇన్నేళ్లు మన దగ్గరుంది. ఆయన దగ్గరకంటే మన దగ్గరే ఎక్కువ ఉందేమో. వాడు వస్తాడనే ఆమె దీపం పెట్టుకు కూర్చుందని నేను అనుకున్నా. రాడని తెలిసీ కూర్చుందన్నమాట. తన చేతుల్తోనే తలుపేసి వచ్చి కూర్చుంది." ముద్ద కంచంలో వదిలేసి, "ఇప్పుడు ఆ పాత పుస్తకాలు కూడా మారిపోయినయ్యే. వెనక్కి పోయి చదువుదామన్నా అవి ఇక మునుపటివి కావు" అంది.

ఓదార్చడానికి కూడా బలం కావాలి. అది నా దగ్గర ఆ పూటకు లేదు. గిన్నెలు కడుక్కుని పడుకున్నాను.

తర్వాత వెళ్లినప్పుడు పుస్తకం సంచిలోనే ఉంచాను. అక్క అడగలేదు. నాకు లోపల్లోపల హాయిగానే ఉంది. సూదులు గుచ్చడం అయిందో లేదో డ్రైవరే, "ఆ పిల్ల తర్వాత ఏమైందండీ?" అన్నాడు.

"మొన్న అంత గొడవ చేశావుగా" అన్నాను.

"గొడవ చేశా గదా అని ఆపేస్తారా? నేను రెండ్రోజులూ అన్నం సరిగ్గా తినలా. దాన్ని తిట్టుకుంటానే ఉన్నా. పదకొండేళ్ల పిల్ల గదండీ. ఎవురైనా పక్కన కూచున్నారో లేదో."

అక్క అతని వైపు తల తిప్పింది. మసక చూపుతోనే కాసేపు చూసి, "చదవవే" అంది.

మిగిలిన అధ్యాయాలు పెద్దగా ఏం లేవు. రచయితకు కూడా ఓపిక అయిపోయినట్టుంది. ఆ పిల్లను ఓడలో అందరూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు పడక ఒక్కొక్కరి నుంచీ తప్పించుకుంటూ పెరుగుతుంది. దీపం కాపలాకు మనిషి కావాలని, అక్కడ ఒంటరిగా ఉండాలని ఎవరో చెబితే నేను పోతానంటుంది. చిన్న పడవలో ఆ రాతిగుండు మీద దిగుతుంది. అంతటితో సమాప్తం.

పుస్తకం మూశాను.

"అయిపోయిందా?" అన్నాడు డ్రైవరు.

"అయిపోయింది."

"ఇదేం అయిపోవడం అండీ? ఇప్పుడే గదా దిగింది! లోడెత్తించి బండి స్టార్టు చేసి దిగిపోయినట్టుంది."

అక్క గట్టిగా నవ్వింది. ఆ మంచం మీద ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. "తర్వాత కథ మూడు పుస్తకాలుంది తమ్ముడూ. మా ఇంట్లోనే ఉన్నయ్" అంది.

"అయితే తీసుకురండి!"

ఇద్దరూ నా వైపే మొహాలు పెట్టారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ మూడు పుస్తకాలు బీరువా అడుగున ఉన్నాయి. కాగితాలు పసుపు పచ్చబడి, అంచులు పెళుసుగా విరుగుతున్నాయి. మొదటి పేజీ మీద దొరసాని సంతకం. మొదటిది మొదలుపెట్టాను. పాత పుస్తకాల్లో ఆయన ఇంగ్లీషు తేలిగ్గా ఉంటుంది, అదొక్కటే నాకు దక్కిన మేలు. తెలుగులో చెప్పుకుపోవడానికి అంత కష్టం కాలేదు.

డ్రైవరు వినడం మాత్రం మేం చదివినట్టు లేదు. ముసలావిడ ఎవరో ఓడ కెప్టెనును కసిరి తలుపు దగ్గర నుంచి అవతలికి పొమ్మనే చోటు ఒకటుంది. మా చిన్నప్పుడు మేం దానికి పడీపడీ నవ్వాం. గయ్యాళి ముసలి అనుకున్నాం. డ్రైవరు నవ్వలేదు. "తలుపు కాడ ఎవుర్నీ నిలబడనియ్యదు పాపం" అన్నాడు. ఓడల వాళ్లు ఆమెను వీరురాలని పొగిడితే ఆమె లేచి లోపలికి వెళ్లిపోతుంది. అది ఆమె గర్వమని అక్క నాకు చెప్పి ఉంది. ఇప్పుడు అక్క ఆ మాట ఎత్తలేదు.

రెండో పుస్తకంలో ఆ గంజి పోసే చోటు వచ్చేసరికి వేసవి ముదిరింది. కరెంటు పోయి జనరేటరు వేశారు, ఫ్యాన్లు మాత్రం తిరగడం లేదు. నేను చెమటలు కారుతూ, మామూలుగానే, ఏ ఒత్తూ లేకుండా చదివాను. "నాకొక తమ్ముడుండేవాడు."

"తెలుసులే తల్లీ" అన్నాడు డ్రైవరు.

మాతో అనలేదు. పైకప్పు వైపు చూస్తూ, పక్కనున్న మనిషితో అన్నట్టు మెల్లగా అన్నాడు. అంత పెద్ద గొంతు మనిషికి ఆ మాట అంత చిన్నగా రావడం నేను ఎరగను. అక్క సూదిలేని చెయ్యి కళ్ల మీద పెట్టుకుంది. నేను ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

బస్సులో అక్క అంది: "అతను విన్నట్టు మనం ఎన్నడూ వినలేదే."

"మనకి తెలియదు కదక్కా అప్పుడు."

"ఊఁ" అని ఊరుకుంది. నాకు అది సర్దుకోవడంలా అనిపించింది, కానీ ఆమె రచయితను క్షమించినట్టు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత ఒకసారి నేను కావాలనే ఆ మాట ఎత్తితే, "నా వాడు తప్పుడు ఓడే ఎక్కాడు. ఆయన రాసుకున్నది ఆయనది" అంది. మొండిది మా అక్క.

రెండో పుస్తకం పూర్తయిన వారంలోనే డ్రైవరుకు వాళ్లూరికి దగ్గర్లో ఇంకో డయాలసిస్ యూనిట్లో చోటు దొరికింది. అంత దూరం రాకపోకలు తప్పుతాయి, మంచిదే. ఆఖరి రోజున భార్యాభర్తలిద్దరూ మా దగ్గరికొచ్చారు. ఆమెతో నేను అన్నాళ్లలో పది మాటలు కూడా మాట్లాడి ఉండను.

"మీరు చదివిన రోజున ఇంటికొచ్చి కథంతా నాకు చెప్పేవోడమ్మా" అందామె. "అలిసిపోయి వచ్చిగూడా చెప్పేవోడు. నేను ఆ ముసలమ్మ కోసం ఏడ్చిన రోజులున్నయ్."

"మూడో పుస్తకం ఫోన్లో రికార్డు చేసి పంపిస్తానులే" అన్నాను. అనేశాక, ఎందుకన్నానా అనుకున్నాను. ఇంటర్ పరీక్షల పేపర్లు దిద్దే పని ఇంకా మిగిలే ఉంది.

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "వద్దులెండి మేడం గారూ. ఆమె అక్కడ దీపం ఎలిగిస్తా కూచుంది. బాగానే ఉంది. ఇంక అట్టానే ఉండనియ్యండి. ఆయనేం చేస్తాడో ఏందో మూడో దాంట్లో. నాకు తెలవకపోతేనే మంచిది."

అక్క ఏమైనా అంటుందేమో అని చూశాను. మూడో పుస్తకంలో ఏం జరుగుతుందో ఆమెకు ప్రతి పేజీ తెలుసు. "నీ ఇష్టం తమ్ముడూ. ఒళ్లు జాగ్రత్త. నీళ్లు ఎక్కువ తాగకు" అంది. అతను వంగి ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్ట్యులా ఉన్న చెయ్యి కాబట్టి ఎక్కడ పట్టుకోకూడదో అతనికి తెలుసు. మణికట్టు కింద మెల్లగా పట్టుకుని వదిలేశాడు.

ఆ పక్క మంచం మీదకు ఇప్పుడు ఒక పెద్దావిడ వస్తోంది. ఆమె ఫోన్లో సీరియళ్లు పెట్టుకుంటుంది, నిద్రపోతుంది, లేచి మళ్లీ పెట్టుకుంటుంది. మొదటి రోజు నేను అలవాటుగా సంచిలో చెయ్యి పెడితే అక్క, "ఇవ్వాళ వద్దులేవే. నువ్వు గూడా గోడకానుకుని కాసేపు కళ్లు మూసుకో" అంది. ఆనుకున్నాను. నిద్ర పట్టలేదు. చేతిలో పుస్తకం లేకుండా ఆ గదిలో కూర్చుంటే మెషీన్ల చప్పుడు ఎంత పెద్దదో తెలిసింది.

తిరుగు ప్రయాణంలో ఆ రోజు ఇద్దరికీ సీట్లు దొరికాయి. మిరప తోటలు పీకేశారు. చేలన్నీ ఖాళీగా, దుమ్ము రంగులో ఉన్నాయి. అక్క కిటికీ వైపు మొహం పెట్టి, ఏ ఊరు వచ్చిందని అడిగింది. మేదరమెట్ల దాటామని చెప్పాను. ఇంకేదో అడగబోయి నా భుజం మీద తల వాల్చేసింది. డయాలసిస్ తర్వాత ఆమె నిద్ర అంతే, మాట మధ్యలో వచ్చేస్తుంది. బరువు తగ్గిపోయి తల కూడా తేలిగ్గా ఉంది.

అద్దంకి బస్టాండులో బస్సు ఆగింది. జనమంతా దిగారు. కండక్టరు మా సీటు దగ్గరికి వచ్చి, "దిగాలమ్మా" అన్నాడు.

"ఒక్క నిమిషం బాబూ, నిద్రపోతోంది" అన్నాను. అతను అక్క చేతికున్న కట్టు చూసి, బస్సు డ్రైవరుతో ఏదో చెప్పి, టీ తాగడానికి కిందికి దిగాడు.